ఏ చేప, ఏ పాలు: ఫిన్లాండ్ చేపల సూప్ ఇంట్లో చేసుకునేవారికి ఎంపిక సలహా

మా అమ్మాయి ఇక్కడ ఫిన్లాండ్‌లోని ఎస్పూలో డేకేర్‌లో చేరిన రెండో నెలలో ఒకరోజు ఇంటికి రాగానే, "అమ్మా, ఇవాళ కలకెయిత్తో పెట్టారు. మనింట్లో ఎప్పుడు చేస్తావ్?" అని అడిగింది. కల అంటే చేప, కెయిత్తో అంటే సూప్. ఫిన్లాండ్ బడుల్లో పిల్లలందరికీ 1948 నుంచి ఉచితంగా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, ఆ భోజనాల్లో చేపల సూప్ మామూలుగా వచ్చే వంటకం. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు ఆ రుచి మన పప్పుచారు లాగే అలవాటైపోతోంది. ఆ సాయంత్రమే సూపర్‌మార్కెట్ చేపల కౌంటర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఐసు మీద ఏడెనిమిది రకాల చేపలున్నాయి. పక్క వరుసలో పాలు, రెండు మూడు రకాల క్రీములు, కరిగే చీజు. ఏది దేంతో కలుస్తుందో చెప్పేవాళ్ళు లేరు. అలాంటి అయోమయంలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. అందరూ ఏ చేప కొనాలా అని తల పట్టుకుంటారు. సూప్ బాగా రావడానికి అసలు కీలకం చేపలోని కొవ్వుకూ పులుసులో పోసే పాలకూ కుదిరే జోడీ. కొవ్వు చేప క్రీమును మోస్తుంది. పల్చటి తెల్ల చేప క్రీములో మునిగి రుచి కోల్పోతుంది, దానికి పాలో, నీళ్ళో చాలు. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా ఎంపికలు సులువు.

## కొనేముందు చూసుకోవాల్సినవి

కొవ్వు. పైన చెప్పిందే. సాల్మన్, కిర్యోలోహి (రెయిన్‌బో ట్రౌట్) కొవ్వున్న చేపలు. కుహా (జాండర్), అహ్వెన్ (పెర్చ్), హౌకి (పైక్), మదె (బర్బోట్) కొవ్వు లేని తెల్ల చేపలు. సీకా (వైట్‌ఫిష్) మధ్యలో ఉంటుంది.

ముళ్ళు. చేపల పులుసులో ముల్లు తగిలితే చేత్తో తీసి పక్కన పెడతాం. ఇది చెంచాతో తినే వంటకం. తెల్లటి సూప్‌లో సన్నముల్లు కనపడదు. పిల్లలు తినే ఇంట్లో ముందు చూడాల్సింది ఇదే.

నీచు వాసన. మనవాళ్ళకు అన్నిటికన్నా పెద్ద బెంగ ఇదే. ఇందులో పసుపు, కారం, చింతపండు, అల్లంవెల్లుల్లి ఏవీ ఉండవు కాబట్టి వాసనను కప్పేసేది ఏదీ లేదు. అందుకే చేప తాజాదనం ఇక్కడ మన పులుసులో కన్నా ఎక్కువ లెక్కలోకి వస్తుంది. కొనేటప్పుడు వాసన చూడండి, సముద్రపు గాలిలా ఉండాలి కానీ ఘాటుగా కొట్టకూడదు.

ఎవరు తింటున్నారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు హౌకి చేప అసలు తినవద్దని ఫిన్లాండ్ ఆహార సంస్థ రువోకవిరాస్తో చెబుతుంది, అందులో పాదరసం చేరడమే కారణం. పిల్లలు, యువత, పిల్లల్ని కనే వయసువాళ్ళు దాన్ని నెలకు ఒకటి రెండుసార్లకు మించి తినకూడదు. బాల్టిక్ సముద్రంలో పట్టిన సాల్మన్‌కు కూడా అదే ఒకటి రెండుసార్ల పరిమితి, అక్కడ కారణం డయాక్సిన్లు అనే విష రసాయనాలు. కౌంటర్లో దొరికే నార్వే పెంపకపు సాల్మన్‌కు గానీ, కిర్యోలోహికి గానీ ఈ పరిమితి లేదు.

సమయం, డబ్బు. ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో చేసే సూప్ ఒకటి, ఆదివారం చేప తలతో చారు కాచి చేసే సూప్ ఇంకొకటి. రెండూ మంచివే, వాటికి కొనాల్సిన సరుకు మాత్రం వేరు.

## పాలా, క్రీమా, వట్టి నీళ్ళా

ఇక్కడి వంటిళ్ళలో మూడు దారులున్నాయి.

మొదటిది క్రీము. రెస్టారెంట్లలో, హెల్సింకీ రేవు దగ్గరి మార్కెట్ చౌరస్తా గుడారాల్లో అమ్మే సాల్మన్ సూప్, అంటే లోహికెయిత్తో, ఎక్కువగా ఈ రకమే. 35 శాతానికి పైగా కొవ్వుండే కువోహుకెర్మ పోస్తే ఎంత మరిగినా విరగదు, సూప్ చిక్కగా మెరుస్తుంది. అయితే ఒక గిన్నెడు తాగేసరికి కడుపు నిండిపోతుంది. 10 నుంచి 15 శాతం కొవ్వుండే రువోకకెర్మను వంట కోసమే తయారుచేస్తారు, అదీ తేలిగ్గా విరగదు. రోజువారీ వంటకు నేను దాన్నే వాడతాను. నలుగురికి 2 డెసిలీటర్లు, అంటే 200 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇక్కడి వంటల్లో కొలతలన్నీ డెసిలీటర్లలోనే ఉంటాయి, ఆ కొలత గిన్నె ఒకటి కొనుక్కోండి.

రెండోది పాలు. అమ్మమ్మల వంట ఇదే అని ఇక్కడివాళ్ళు చెబుతారు. నాకు మనసుకు దగ్గరైంది కూడా ఇదే. నలుగురికి 8 డెసిలీటర్ల చారులో 4 డెసిలీటర్ల చిక్కటి పాలు పోస్తారు. పాలతో చిక్కు ఒక్కటే, మరిగితే విరిగి సన్నటి తెల్ల పలుకులు తేలతాయి. దానికి వాళ్ళ ఉపాయం, చల్లటి పాలలో ఒక పెద్ద చెంచా గోధుమపిండి ఉండలు కట్టకుండా కలిపి, సన్నని ధారగా పోస్తూ తిప్పడం. పిండి పాలను పట్టి ఉంచుతుంది, సూప్‌కు కొంచెం చిక్కదనమూ ఇస్తుంది. మన మజ్జిగ పులుసులో శనగపిండి చేసే పని అదే కదా. పాలు పోసిన తరువాత తెర్ల కాగనివ్వకండి, అంచుల్లో బుడగలు వస్తే చాలు. నిమ్మకాయ పిండే అలవాటు ఉన్నవాళ్ళు పాల సూప్‌లో మాత్రం ఆ పని చేయకండి, గిన్నెలోనే విరిగిపోతుంది.

మూడోది పల్చటి సూప్, కిర్కస్ కలకెయిత్తో. పాలు, క్రీము ఏవీ ఉండవు. నీళ్ళు, బంగాళాదుంప, ఉల్లిపాయ, చేప, వెన్న, డిల్ (సోయకూర). చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళు చెరువు ఒడ్డున మంట వేసి, మసిబారిన కెటిల్‌లో చేసుకునేది ఇదే. దాచిపెట్టడానికి ఏమీ లేని సూప్ ఇది. చేప ఆ రోజు పట్టిందైతే అద్భుతం, మూడు రోజుల కిందటిదైతే మొదటి చెంచాకే తెలిసిపోతుంది.

వీటికి తోడు కరిగే చీజు. సూపర్‌మార్కెట్లో కోస్కెన్‌లస్కియా పేరుతో దొరికే చీజు ముక్కను చాలామంది ఇళ్ళలో సాల్మన్ సూప్‌లో కరిగిస్తారు. పిల్లలకు ఇష్టంగా ఉంటుంది, అయితే ఉప్పు బాగా చేరుతుంది కాబట్టి విడిగా వేసే ఉప్పు సగానికి తగ్గించాలి. కుహా, అహ్వెన్‌లలో మాత్రం వేయవద్దనే చెబుతాను, చేప రుచి పోయి చీజు రుచే మిగులుతుంది.

పాలు పడనివాళ్ళకు దిగులు అక్కర్లేదు. లాక్టోజ్ లేని పాలు, క్రీము ఇక్కడ ఏ కొట్లో అయినా ఉంటాయి, సూప్‌లో తేడా తెలియదు.

## చేపల వరుస

| చేప | కొవ్వు | ముళ్ళ బెడద | కుదిరే ద్రవం | ముక్కలు ఉడికే సమయం |
|---|---|---|---|---|
| లోహి (సాల్మన్) | ఎక్కువ | తక్కువ, వరుసగా తీసేయొచ్చు | క్రీము | పొయ్యి ఆపి 5 నిమిషాలు |
| కిర్యోలోహి | ఎక్కువ | తక్కువ | క్రీము, పాలు | పొయ్యి ఆపి 5 నిమిషాలు |
| సీకా | మధ్యస్థం | కొంచెం | పాలు, నీళ్ళు | సన్న సెగ మీద 4–5 నిమిషాలు |
| కుహా | తక్కువ | తక్కువ | పాలు, నీళ్ళు | సన్న సెగ మీద 5 నిమిషాలు |
| అహ్వెన్ | తక్కువ | ఫిల్లెట్‌లో తక్కువ | నీళ్ళు, పాలు | సన్న సెగ మీద 3–4 నిమిషాలు |
| హౌకి | తక్కువ | చాలా ఎక్కువ | పాలు | సన్న సెగ మీద 6–7 నిమిషాలు |
| మదె | తక్కువ | తక్కువ | పాలు, కొంచెం క్రీము | సన్న సెగ మీద 8–10 నిమిషాలు |
| గడ్డకట్టించిన సెయితి (పోలాక్) | తక్కువ | దాదాపు లేదు | పాలు | సన్న సెగ మీద 8 నిమిషాలు |

సాల్మన్, కిర్యోలోహి. మొదటిసారి చేసేవాళ్ళు ఈ రెండింట్లోనే ఒకటి తీసుకోండి. కౌంటర్లో ఉండే సాల్మన్‌లో ఎక్కువ భాగం నార్వేలో పెంచింది. కిర్యోలోహి, ఇంగ్లీషులో రెయిన్‌బో ట్రౌట్ అనేది, ఫిన్లాండ్‌లోనే పెంచే చేప. నైరుతి దీవుల చుట్టూ, ఓలాండ్ దగ్గరా సముద్రంలో వలల బోనుల్లో పెంచుతారు. రంగు సాల్మన్ కన్నా ముదురు, కండ కొంచెం గట్టి, ధర మామూలుగా తక్కువ. సూప్‌లో ముక్కలు విరిగిపోకుండా నిలుస్తాయి. రెండూ పక్కపక్కన ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా కిర్యోలోహి తీసుకుంటాను. సాల్మన్ వేసిందే అసలు లోహికెయిత్తో అనే పట్టింపు పెట్టుకోవాల్సిన పని లేదు, ఇక్కడి ఇళ్ళలోనూ వారం మధ్యలో చేసే సూప్‌లో కిర్యోలోహి తరచుగా కనిపిస్తుంది.

ఫిల్లెట్ మీద వేలితో తల వైపు నుంచి తోక వైపు నిమిరితే మధ్య గీతలో సన్నముళ్ళ మొనలు గుచ్చుకుంటాయి. పట్టకారుతో, ముల్లు ఏ వాలులో ఉందో అదే వాలుగా లాగితే కండ చిరగకుండా వస్తాయి. ఒక ఫిల్లెట్‌కు ఐదు నిమిషాల పని. చర్మం తీయడానికి తోక దగ్గర కత్తిని చర్మానికీ కండకూ మధ్య పడుకోబెట్టి, కత్తిని కదపకుండా చర్మాన్నే అటూ ఇటూ లాగాలి.

కుహా. తెల్లటి, గట్టి కండ, తియ్యటి రుచి, నీచు దాదాపు ఉండదు. మన పండుగప్ప తిన్నవాళ్ళకు ఇది వెంటనే నచ్చుతుంది. చేపల వాసన పడని చుట్టాలు వస్తే ఇదే చేస్తాను. ధర మాత్రం ఎక్కువ, అందుకే క్రీములో ముంచి పాడుచేయబుద్ధి కాదు.

అహ్వెన్. చిన్న చేప, వీపున పదునైన ముళ్ళ రెక్క. రుచిలో దీన్ని మించింది లేదనే ఫిన్నులు చాలామంది ఉన్నారు, తిన్నాక నేనూ ఒప్పుకున్నాను. మా కింది వాటాలో ఉండే పెద్దాయన ఒక శనివారం చెరువు నుంచి వస్తూ ఆరు అహ్వెన్‌లు సంచిలో పెట్టి ఇచ్చారు. ఫిల్లెట్లు తీయడం నాకు రాలేదు. ఆయనే మా వంటింట్లో నిలబడి, తల వెనక ఒక గాటు పెట్టి, వెన్నుముల్లు వెంట కత్తి జరిపి చూపించారు. వెళ్తూ వెళ్తూ తలల వైపు వేలు చూపించి, వాటి మొప్పలు తీసేయమన్నారు. నేను ఒక తలకు మరిచిపోయాను. ఆ రోజు చారులో మందుబిళ్ళ కరిగించినట్టు ఒక చేదు చేరింది. ఒక్క తల మొప్పలే అంత పని చేశాయి.

హౌకి. చవక, చెరువుల్లో బాగా దొరుకుతుంది, రుచీ ఉంది. ఇబ్బందల్లా కండలో దాగిన వై ఆకారపు ముళ్ళు. వాటిని తీయడం చేతినేర్పు ఉన్నవాళ్ళ పని. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, గర్భిణులకు అసలే వద్దు.

మదె. దీనికి ప్రత్యేకంగా చోటివ్వాలి. మంచినీళ్ళలో ఉండే కాడ్ జాతి చేప. జనవరి, ఫిబ్రవరిల్లో మంచు గడ్డ కింద గుడ్లు పెడుతుంది, అప్పుడే పడతారు. చలికాలంలో వారం రోజుల పాటు సూర్యుడు సరిగ్గా కనపడని ఆ నెలల్లో మదె సూప్ కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. చర్మం గట్టిది, మేజోడు విప్పినట్టు తల దగ్గర కోసి ఒక్క లాగుతో తీస్తారు. కండ మెత్తబడడానికి మిగతా చేపల కన్నా ఎక్కువ సమయం పడుతుంది. కౌంటర్లో అడిగితే శుభ్రం చేసి ఇస్తారు, మొదటిసారి అలాగే తీసుకోండి.

చెరువు చేపలకు ఒక జాగ్రత్త. హౌకి, అహ్వెన్, మదెలలో బద్దెపురుగు పిల్లలు ఉండవచ్చు. పూర్తిగా ఉడికితే ప్రమాదం లేదు. అందుకే పట్టికలో వీటికి పొయ్యి ఆపకుండా సన్న సెగ అని రాశాను. కండ మధ్యలో గాజులా పారదర్శకంగా కనిపించకూడదు, రేకులు రేకులుగా విడిపోవాలి.

సెయితి. ఫ్రీజర్లో ఇటుకలా గడ్డకట్టి అట్టపెట్టెలో దొరుకుతుంది. చాలామంది ఫిన్నుల చిన్ననాటి చేప అదే. ముళ్ళుండవు, చవక, ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవచ్చు. రుచి సాదాగా ఉంటుంది కాబట్టి చారు మీద శ్రద్ధ పెట్టాలి. సగం కరిగినప్పుడే ముక్కలు కోయండి, పూర్తిగా కరిగితే నలిగిపోతుంది.

## చారు: కాచాలా, క్యూబు వేయాలా

చేప తల, వెన్నుముల్లు దొరికితే తప్పకుండా కాచండి. కౌంటర్లో సాల్మన్ తలలు చాలా తక్కువ ధరకు ఇస్తారు. మొప్పలు తీసి, నెత్తురు పోయేదాకా చల్లటి నీళ్ళలో కడిగి, లీటరున్నర చల్లటి నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాలి. ఒక ఉల్లిపాయ, లీక్ (లావుపాటి ఉల్లికాడలాంటి కూర) ఆకుపచ్చ భాగం, డిల్ కాడలు, పది మౌస్తెపిప్పురి గింజలు. తెట్టు తీస్తూ 20 నుంచి 30 నిమిషాలు. అంతకు మించి కాస్తే చారు జిగురుగా, చేదుగా మారుతుంది. మటన్ ఎముకల్లా గంటలు కాచకూడదు.

మౌస్తెపిప్పురి అంటే ఆల్‌స్పైస్. చూడ్డానికి పెద్ద మిరియంలా ఉంటుంది, నలిపి వాసన చూస్తే లవంగం, చెక్క, జాజికాయ మూడూ కలిసినట్టుంటుంది. ఫిన్లాండ్ చేపల సూప్‌లో ఆ గింజలు పొడి చేయరు, అలాగే వేస్తారు. మన చేతికి అలవాటైన మసాలా వాసన ఈ వంటలో ఇదొక్కటే, దీన్ని వదిలేయకండి.

టైము లేనప్పుడు చేపల చారు క్యూబు ఒకటి లీటరు నీళ్ళకు వేయొచ్చు. పెద్ద లోపం రాదు. ఉప్పు మాత్రం చివర్లో చూసి వేయండి.

బంగాళాదుంపల విషయం చిన్నదే కానీ సూప్‌ను మార్చేస్తుంది. ఇక్కడ సంచుల మీద రంగు గుర్తులుంటాయి. ఆకుపచ్చ అంటే ఉడికినా ముక్క నిలిచే రకం, ఎరుపు అంటే పిండిగా విడిపోయేది, పసుపు మధ్యరకం. పల్చటి సూప్‌కు ఆకుపచ్చ, పాల సూప్‌కు పసుపు తీసుకోండి. అంచులు కొంచెం కరిగి పాల సూప్ దానంతటదే చిక్కబడుతుంది.

## మీ ఇంటికి ఏది

పిల్లల కోసం, వారం మధ్యలో, అరగంటలో కావాలంటే: కిర్యోలోహి, రువోకకెర్మ, క్యూబు చారు. ముళ్ళు తీయడమొక్కటే పని.

అత్తమామలు ఊరినుంచి వచ్చారు, చేప తింటారు గానీ పాలతో చేప అంటే మొహం చిట్లిస్తారు అంటే: కుహాతో పల్చటి సూప్. పాలూ చేపా కలిపి తినకూడదనే నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. వాదించి గెలవాల్సిన అవసరం లేదు, వాళ్ళ కోసమే అన్నట్టు పాలు లేని సూప్ ఈ సంప్రదాయంలోనే ఉంది. పైన మిరియాల పొడి చల్లి ఇవ్వండి.

గర్భిణి ఉన్న ఇంట్లో: కిర్యోలోహి లేదా సీకా, పాలతో.

చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థులకు: సెయితి, పాలు, గోధుమపిండి. కౌంటర్లో ఒక సాల్మన్ తల దొరికితే దాంతో చారు. ఖరీదు మొత్తం చేపల కూర కన్నా తక్కువలో పోతుంది.

వంట మీద ప్రేమ ఉండి, ఆదివారం తీరిగ్గా చేయగలిగేవాళ్ళు: చలికాలమైతే మదె, వేసవైతే ఎవరైనా పట్టి తెచ్చిన అహ్వెన్. ఈ రెండూ తిన్నాకే ఈ దేశం తన చెరువుల్ని ఎందుకంతగా ప్రేమిస్తుందో నాకు అర్థమైంది.

ఆంధ్రలో, తెలంగాణలో ఉండి చేయాలనుకునేవాళ్ళకు నా సలహా పండుగప్ప. గట్టి తెల్ల కండ, ముళ్ళు తక్కువ. కొర్రమీను కూడా నిలుస్తుంది. రోహు, బొచ్చెల కండలో సన్నముళ్ళు ఎక్కువ కాబట్టి ముక్కలుగా వద్దు, బొచ్చె తల మాత్రం చారుకు చాలా బాగుంటుంది. డిల్ అంటే హైదరాబాద్ కూరగాయల మార్కెట్లలో దొరికే సోయకూరే. ఆల్‌స్పైస్ దొరక్కపోతే ఆరు మిరియాలు, రెండు లవంగాలు, గోరంత చెక్క గుడ్డలో మూటకట్టి వేయండి. టెట్రా ప్యాకెట్లో వచ్చే ఫ్రెష్ క్రీము చివర్లో పోసి, మరగకముందే దించండి.

## ఏది ఎంచుకున్నా చేసే తీరు ఇదే

నలుగురికి 500 గ్రాముల చేప, 600 గ్రాముల బంగాళాదుంప, ఒక ఉల్లిపాయ, ఒక లీక్, రెండు పెద్ద చెంచాల వెన్న, ఒక కట్ట డిల్.

చేపను మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక చిన్న చెంచా ఉప్పు చల్లి 20 నిమిషాలు పక్కన పెట్టండి. ముక్క గట్టిపడుతుంది, ఉడికేటప్పుడు తెల్లటి తెట్టు తక్కువ వస్తుంది, నీచూ తగ్గుతుంది. ఊరిన నీళ్ళు ఒంపేయండి. వెన్నలో ఉల్లిపాయ, లీక్ రంగు మారకుండా మగ్గించాలి. ఎర్రగా వేయిస్తే కూర రుచి వస్తుంది, ఇక్కడ అది పనికిరాదు. బంగాళాదుంప, మౌస్తెపిప్పురి, చారు వేసి 12 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. క్రీము అయితే పోసి ఒక పొంగు రానివ్వండి, పాలైతే పిండి కలిపి పోసి సెగ తగ్గించండి. చివరగా చేప. వేశాక గరిటె పెట్టకండి, గిన్నెను రెండు చేతులతో పట్టి మెల్లగా ఒకసారి తిప్పితే చాలు. మూత పెట్టి, పట్టికలో చెప్పిన సమయం ఆగండి. డిల్‌లో సగం అప్పుడు, మిగతా సగం గిన్నెల్లో పోశాక.

పక్కన రుయిస్‌లెయిపా, అంటే నల్లటి రై రొట్టె. పుల్లగా, నమలడానికి గట్టిగా ఉంటుంది. మందంగా వెన్న రాసి తినాలి. సూప్ తియ్యదనానికి ఆ పులుపు మన గోంగూరలా తోడుంటుంది. అన్నంలో కలుపుకుని తినేవాళ్ళూ మా స్నేహితుల్లో ఉన్నారు, మా అమ్మాయి మాత్రం ఒప్పుకోదు, బడిలో పెట్టినట్టే రొట్టెతో కావాలంటుంది.

మిగిలితే మర్నాటికి డిల్, మౌస్తెపిప్పురి రుచి బాగా దిగి ఉంటుంది. చేప ముక్కలు చిల్లుల గరిటెతో తీసి పక్కన పెట్టి, సూప్ మాత్రం సన్న సెగ మీద వేడిచేసి, పొయ్యి కట్టేశాక ముక్కలు మళ్ళీ వేయండి.